ఎర్ర గీత మీదే ఉన్న వాల్యూమ్

మా మేనకోడలు ఝాన్సీ ఒక మధ్యాహ్నం కుమ్హారి నుంచి స్కూటీ మీద కోహ్కాలో మా ఇంటికి వచ్చింది. వెనక సీటు మీద రెండో మనిషిలాగా, పాత దుప్పట్లో చుట్టి చున్నీతో నడుముకి కట్టిన గిటారు ఒకటి కూర్చుని ఉంది. "మావా, అమ్మ పంపింది. తిప్పితే గరగరమంటోందట. వాల్యూమూ టోనూ రెండు కంట్రోళ్ళూ మార్చమంది. సస్తా మాల్, అదే చవకది, వెయ్యొద్దంది," అని చెప్పి నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల తెలుగులో ఒక్క గుక్కలో అంత మాట్లాడడమే గొప్ప. భిలాయిలో పుట్టిన మా పిల్లలందరూ అంతే, ఆకలేస్తే తెలుగులో అడుగుతారు, కోపం వస్తే హిందీలో తిడతారు.

ఝాన్సీ వాళ్ళమ్మ మా అక్క పైడితల్లి. విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి అక్కని అప్ప అంటాం. ఆ గిటారు అప్పది. నలభై ఏళ్ళ పైచిలుకు తరవాత మళ్ళీ దాన్ని చూడడం అదే మొదలు. బావగారి సంవత్సరీకాలు అయ్యాక ఇల్లు సర్దుతూ ట్రంకు పెట్టెల వెనక నుంచి తీసిందనీ, కొత్త తీగలు వేయించుకుందనీ, పొద్దున పూట కాసేపు వాయించుకుంటోందనీ ఫోన్లో విన్నాను. విని సంతోషించాను. ఆ సంతోషం గురించి ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది.

గిటారు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఎలక్ట్రిక్ గిటారు ముఖం మీద రెండు గుబ్బలుంటాయి. ఒకటి శబ్దం పెంచి తగ్గించేది, అది వాల్యూము. రెండోది శబ్దాన్ని పదునుగానో మెత్తగానో మార్చేది, అది టోను. వాటి కింద, చెక్క లోపల, రూపాయి బిళ్ళంత రేకు డబ్బీలు రెండు. వాటినే కంట్రోళ్ళు అంటాం. డబ్బీలో ఒక నల్లటి దారి, దాని మీద రాసుకుంటూ తిరిగే చిన్న రేకు నాలిక. దుమ్ము చేరితే గరగరమంటుంది. మార్చడం అరగంట పని. ఎనిమిదో తరగతిలో బడి వదిలేసిన నాటి నుంచి నేను చేస్తున్న పని అదే, రేడియోలకి, ఆంప్లిఫయర్లకి, పెళ్ళి మైకు సెట్లకి. టీ పక్కన పెట్టుకుని స్క్రూలు విప్పి, మూత తీసి లోపలికి చూశాను. ఆ టీ తాగలేదు.

లోపల ఉన్న టంకాలు నావే. వాటిని ఎక్కడున్నా గుర్తుపడతాను, పదిహేనేళ్ళ వయసులో నేను టంకం వేస్తే పిట్ట రెట్ట వేసినట్టుండేది. డబ్బీల వీపు మీద ఊదా సిరా ముద్రలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాల్యూము మీద లిన్ అని, టోను మీద లాగ్ అని. మా అప్ప పదిహేడేళ్ళప్పుడు ఒక మాట అంది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు, మా క్వార్టర్ల లైన్లో ఎవరూ నమ్మలేదు. ఆ మాట అక్షరాలా నిజమని ఆ ఊదా సిరా చెబుతోంది. అది అబద్ధమని అందరినీ నవ్వించి మరీ నమ్మించినవాణ్ణి నేను. నాకు ఒళ్ళు మండింది. వారం రోజులుగా మండుతూనే ఉంది, ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేం సెక్టర్ 7లో స్టీలు ప్లాంటు క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్నకి రోలింగ్ మిల్లులో పని. ప్లాంటువాళ్ళ ఇళ్ళలో గడియారం గోడకి వేలాడదు, మంచం మీద పడుకుని ఉంటుంది. నాన్నకి రాత్రి డ్యూటీ పడిన వారమంతా ఇంటికి పగలే రాత్రి. పొద్దున సైకిలు స్టాండు చప్పుడు, బాత్రూములోంచి ఎర్ర సబ్బు వాసన, ఆ సబ్బుని తోసుకుని వచ్చే వేడి ఇనుము వాసన, గ్రీజు వాసన. చద్దన్నం తిని, పనిలో చిరిగిపోయిన గ్లవుజు ఒకటి గేటుకి తగిలించి పడుకునేవాడు. మా లైన్లో గేటు మీద గ్లవుజు ఉందంటే లోపల డ్యూటీ మనిషి నిద్రపోతున్నాడని. కూరగాయల బండివాడు మా గేటు ముందు నోరు మూసుకుని నడిచి, రెండిళ్ళు దాటాక మళ్ళీ గొంతెత్తుకునేవాడు. పోస్టుమేన్ బెల్లు కొట్టేవాడు కాదు. మేం గోలీలు సిమెంటు మీద కాకుండా మట్టిలో ఆడేవాళ్ళం.

ఇంట్లో సంగతి ఇంకా కష్టం. కుక్కరు విజిల్ వెయ్యకూడదు. అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి, విజిల్ లేవబోయే ముందు గరిటె కాడతో దాన్ని ఎత్తి పట్టి ఆవిరి మెల్లగా వదిలేది. ఆవాలు చిటపటలాడతాయి కాబట్టి పప్పుకి తాలింపు ఉండేది కాదు, నాన్న లేచాకే. నాలుగింటికి వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేగిన వాసన వచ్చిందంటే ఇక మాట్లాడుకోవచ్చన్నమాట. పది మందిని నవ్వించడం నాకు ఎలా వచ్చిందని అడుగుతుంటారు. ఆ ఇంట్లోనే వచ్చింది, పెదవులు కదపకుండా, ఊపిరితో చెప్పాలి జోకు. అప్ప దిండులో మొహం దూర్చుకుని నవ్వేది, భుజాలు మాత్రం ఎగిరేవి. నా మొదటి శ్రోత ఆమె. లోకంలో ఎవరూ నవ్వని రోజుల్లో ఆమె ఒక్కతే నవ్వింది.

మోగే ప్రతి వస్తువుకీ మా ఇంట్లో ఒక ఎర్ర గీత ఉండేది. రేడియో గుబ్బ పక్కన నాన్నే స్వయంగా, అమ్మ తిలకం సీసాలోని పుల్లతో గీసిన గీత. గుబ్బ మీది తెల్ల చుక్క ఆ గీత దాటకూడదు. నాన్న నిద్ర మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. రాత్రంతా ఎర్రటి ఇనుము ముందు నిలబడి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. నా కోపం వేరే చోట ఉంది, వస్తున్నాను.

గిటారు చరోదా నుంచి వచ్చింది. అక్కడ రైల్వే కాలనీలో అప్పకి సుగుణ అని స్నేహితురాలు. వాళ్ళ నాన్న గూడ్సు గార్డు. వాళ్ళమ్మ ఆదివారం చర్చికి వెళ్ళేది, నాయనమ్మ మంగళవారం హనుమంతుడి గుడికి వెళ్ళేది, గార్డుగారు డ్యూటీకి వెళ్ళేవాడు. ఆ ఇంట్లో అన్నీ చెల్లేవి, ఆడపిల్ల గిటారు వాయించడం కూడా. అప్ప అక్కడే నేర్చుకుంది. గార్డుగారికి బదిలీ అయినప్పుడు, ఇద్దరు పిల్లల్లో ఎవరికి బాగా వచ్చిందో ఆయనకి తెలుసు కాబట్టి, గిటారు అప్పకి ఇచ్చి వెళ్ళాడు. నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తిలకం సీసా తెమ్మన్నాడు. మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని, "వాయించు. తగ్గించు. ఇంకాస్త తగ్గించు," అంటూ, కునుకు పట్టేంత మెల్లగా వచ్చిన చోట లేచి, గుబ్బ పక్కన చెక్క మీద గీత గీశాడు. "ఇది దాటనన్నాళ్ళు నీ ఇష్టం. దాటినావంటే అటక మీదకే," అన్నాడు. స్పీకరు డబ్బా నేను, అప్పటికింకా బడిలో ఉన్నా, పాడైన రేడియో విప్పి చేసిచ్చాను. దానికి స్విచ్చి తప్ప ఏమీ లేదు, పెంచినా తగ్గించినా గిటారు గుబ్బతోనే.

అప్ప రెండేళ్ళు ఆ గీత లోపలే వాయించింది. అంత మెల్లగా వాయిస్తే తప్పులు దాక్కోవు, వేలు ఒక్క వెంట్రుకవాసి జారినా తెలిసిపోతుంది. అలా తయారైన చెయ్యి అది. పవర్ హౌస్ వైపు ఒక ఆర్కెస్ట్రా పార్టీ ఉండేది, దాని బెంగాలీ మాస్టారు ఒకసారి విని, దుర్గా పూజ రోజుల్లో స్టేజీ మీద వాయించడానికి తీసుకుంటానన్నాడు. ఆదివారం ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడతానన్నాడు. నాన్న కాదనలేదు. మా ఇంట్లో కాదనకపోవడమంటే అవునన్నట్టే. సరిగ్గా ఆ వారమే గుబ్బ గరగరమనడం మొదలుపెట్టింది.

"ఒరే తమ్ముడూ, కంట్రోళ్ళు మార్చీరా. మాస్టారు ఆదివారం వస్తారు," అంది అప్ప.

నేను అప్పటికి సూపేలా బజారులో ఒక రేడియో రిపేరు షాపులో పనికి కుదిరి ఆరు నెలలు. బడి ఎందుకు మానేశానంటే, లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు, పక్కనే కిటికీ ఉంది, దిగేటప్పుడు అటు దిగాను. షాపు సొరుగులో వెతికితే ఒకే అంకె ఉన్న కంట్రోళ్ళు రెండు దొరికాయి, అయిదు వందల కే, అంటే కిలో ఓములు. ఒకదాని మీద లిన్ అని, ఇంకోదాని మీద లాగ్ అని ఉంది. అవి కంపెనీల పేర్లనుకున్నాను. లిన్ వాళ్ళది కొత్తగా మెరుస్తోంది, గుబ్బ కూర్చునే కడ్డీ వెన్నలా తిరుగుతోంది. మంచిది వాల్యూముకి వేద్దామని అది వాల్యూముకి వేశాను, మిగిలింది టోనుకి. షాపులో ఫుల్లుకి తిప్పి చూశాను, బ్రహ్మాండంగా మోగింది. ఫుల్లుకి తిప్పితే ఏదైనా ఒకలాగే మోగుతుందని అప్పుడు నాకు తెలియదు. గుబ్బ మీది చుక్క పాత గీతకి సరిగ్గా కుదిరేలా చూసి బిగించాను. ఆ జాగ్రత్త తలుచుకుంటే ఇప్పుడు నా చెయ్యి నేనే విరుచుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తున్నాను. లైను మొదట్లో ఉండగా వినిపించింది. ఒక్క మీటు, అంతే. ఆ నిశ్శబ్దంలో అది పళ్ళెం జారి బావిలో పడ్డట్టు మోగింది. ప్లాంటులో పనిచేసేవాళ్ళకి ఉన్నట్టుండి పెద్ద శబ్దం వచ్చిందంటే ఒకటే అర్థం, ప్రమాదం. నాన్న మంచం మీద నుంచి లేవలేదు, ఎగిరాడు. కళ్ళు తెరవకుండానే గుమ్మం దాటి, లుంగీ చేత్తో పట్టుకుని, చెప్పుల్లేకుండా కాలే తారు రోడ్డు మీదకి పరిగెత్తి, పక్కిళ్ళ గేట్లు బాదడం మొదలుపెట్టాడు. "బయటికొచ్చీండి. ఎవులున్నారు లోపల, బయటికొచ్చీండి."

వచ్చారు. ఎనిమిది గేట్లలోంచీ మనుషులు వచ్చారు. పక్కింటి సూరమ్మ పిన్ని చేతిలో అట్లకాడతో వచ్చింది. ఆమెకి ముందే అర్థమైంది.

"ఏటి బావా, పిల్ల గిటారు మీటింది. దానికి రోడ్డెక్కీసినావేటి."

ఎవరో నవ్వారు. తారు కాలుతుంటే నాన్న ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడ్డాడు, దానికి ఇంకొందరు నవ్వారు. కొలిమి లాంటి చోట పాతికమందికి పని చెప్పే మనిషి అలా గెంతుతూ ఇంట్లోకి వచ్చాడు. గేటు దగ్గర జనం అలాగే ఉన్నారు. వాళ్ళలోంచి దూరి నేనూ లోపలికొచ్చాను.

అప్ప గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చోటే ఉంది. వేలు తీగ మీద నుంచి తియ్యలేదు.

"గీత మీదే ఉంది నాన్నా. సూడు."

"రోజూ గీత మీదే కదేటి. రోజూ లెగనేదు కదా నాను."

"ఒట్టు నాన్నా. నాను దాటనేదు."

"ముందు తిప్పీసి, నాను లెగిసేసరికి మళ్ళీ ఎనక్కి తెచ్చీసినావు."

"మళ్ళీ వాయిస్తాను. నువ్వే సూడు."

"మళ్ళీనా," అని నాన్న స్పీకరు డబ్బా వైరు పీకేశాడు. అక్కడ ఒక్క మీటు, గీత మీదే ఉంచి ఒక్కటంటే ఒక్క మీటు మీటనిచ్చి ఉంటే, ఆయన చెవులే ఆయనకి సాక్ష్యం చెప్పేవి. ఇవ్వలేదు. తరవాత నా వైపు తిరిగాడు.

"ఒరే, కంట్రోలేసింది నువ్వే కదా. బాగానే ఉందేటి?"

గేటు దగ్గర పదిహేను మొహాలు. అప్ప కూడా నా వైపే చూసింది, ఆశగా. ఆ చూపు నాకు బాగా గుర్తు, ఎందుకంటే అలాంటి చూపు నాకు మళ్ళీ పడలేదు.

"ఫస్ట్ క్లాస్ మాల్ నాన్నా. షాపులో టెస్టు సేసి మరీ బిగించాను," అన్నాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. పదిహేను మొహాలు చూసి ఆగే నోరు కాదు నాది. "సుక్క గీత మీదే ఉంది. అప్ప సెయ్యే దుర్గ్ దాకా ఎల్లి, లోకల్ బండిలో ఎనక్కొచ్చీసినట్టుంది."

పక్క ఊరు దుర్గ్‌కి లోకల్ రైలు వెళ్ళి రావడం అందరికీ తెలిసిందే, గేటు విరగబడేలా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆయనకి ఆ నవ్వు కావాలి. రోడ్డు మీద గెంతిన అవమానం ఆ నవ్వుతో ఆయన ఒంటి మీద నుంచి లేచి వెళ్ళి అప్ప మీద కూర్చుంది. అమ్మ నవ్వలేదు. నాన్న ఎలాగూ లేచేశాడు కదా అని లోపలికి వెళ్ళి పప్పుకి తాలింపు పెట్టింది. అప్ప ఏడవలేదు. వేలు తీగ మీద నుంచి తీసింది.

ఆదివారం బెంగాలీ మాస్టారు వచ్చాడు. నాన్న ఆయనకి టీ ఇచ్చి, వచ్చిన హిందీలో, "పిల్ల మాట మీద నిలబడదు మాస్టారూ, స్టేజీ మీద ఏం నిలబడుతుంది," అన్నాడు. గిటారు అటకెక్కింది, పెళ్ళప్పుడు మూటలోనే అప్ప సామానుతో వెళ్ళిపోయింది. లైన్లో పిల్లలు అప్పని చూస్తే "దుర్గ్ లోకల్ వచ్చింది, దుర్గ్ లోకల్" అని కేకలేసేవారు. ఆ పేరు ఆమెతోపాటు పెళ్ళికి వచ్చింది, అత్తవారింటికి వెళ్ళింది, బావగారు కూడా ముద్దుకి అదే అనేవాడని విన్నాను. నా జోకుల్లో అంత కాలం ఆడింది ఇంకోటి లేదు. ఏడాది పాటు అప్ప కనిపించినవాళ్ళందరికీ చెప్పింది, నాను దాటనేదు అని. అమ్మకి చెప్పింది, సూరమ్మ పిన్నికి చెప్పింది, నాకు చాలాసార్లు చెప్పింది. నేను ప్రతిసారీ రైలు కూత వేసి చూపించేవాణ్ణి. తరవాత చెప్పడం మానేసింది. మానేస్తే ఒప్పుకున్నట్టే అనుకున్నారు అందరూ.

ఇప్పుడు ఆ లిన్, లాగ్ సంగతి. కరెంటు లెక్క వేరు, చెవి లెక్క వేరు. చెవికి శబ్దం మెట్లు మెట్లుగా పెరిగినట్టు వినిపించాలంటే మొదట్లో చాలా కొంచెం కొంచెంగా వదిలి, చివర్లో ధారాళంగా వదలాలి. అలా చేసేది లాగ్. లిన్ అయితే ఎంత తిప్పితే అంత, ముక్కుసూటిగా వదిలేస్తుంది, చెవికి అది మొదట్లోనే గయ్యిమంటుంది. నాన్న గీత గీసింది పాత కంట్రోలు మీద, అది లాగ్. నేను గీత అక్కడే ఉంచి కిందున్న మనిషిని మార్చేశాను. మొన్న మీటరు పెట్టి కొలిచాను. గీత దగ్గర ఆపితే లాగ్ వదిలేదానికి ఏడు రెట్లు వదులుతోంది లిన్. రెండు వేళ్ళ దూరంలో, టోను గుబ్బ కింద, కావలసిన లాగ్ కూర్చుని ఉంది. టోనుకి ఏది వేసినా గడిచిపోతుంది. రెండూ అటుదిటు చేసి ఉంటే చాలు.

తెలియని వయసు కదా అని నన్ను ఓదార్చడానికి ఎవరూ ముందుకు రానక్కర్లేదు. ఆ తరవాత రెండేళ్ళకే నాకు తెలిసింది. ఒక గిరాకీదారు రేడియో తిరిగొచ్చింది, కొంచెం తిప్పితే అరుస్తోందని. షాపు సేఠ్ మూత విప్పి చూసి, నా నెత్తి మీద ఒక్కటిచ్చి, "గధే, వాల్యూమ్ మే లిన్ డాలా?" గాడిదా, వాల్యూముకి లిన్ వేశావా అని, మొత్తం విడమరిచి చెప్పాడు. లాగ్ అంటే లాగరిథమ్ అనీ, పెద్ద తరగతుల్లో చెబుతారనీ అన్నాడు. అంటే నేను దిగిపోయిన స్టేషన్ తరవాత స్టేషన్. ఆ రేడియో బాగుచేశాను, ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాను, అన్నం తిన్నాను. ఎదురుగా అప్ప కూర్చుని తింటోంది. నాకు గుర్తు రాలేదు. నలభై ఏళ్ళు వేలకొద్దీ లాగ్ కంట్రోళ్ళు నా చేతులతో వేశాను, ఒక్కసారీ గుర్తు రాలేదు. ఆమె మాట నా బుర్రలో నిజాల వైపు లేదు, జోకుల వైపు ఉంది. జోకుకి కారణం ఎవడు వెతుకుతాడు. నా కోపం అక్కడ కూర్చుంది, లెమ్మన్నా లేవడం లేదు.

కొత్త కంట్రోళ్ళ కోసం రాయపూర్ వెళ్ళాను. అద్దాల షాపు, ఏసీ, గోడ నిండా గిటార్లు. కౌంటరు దగ్గర జుట్టు ముడేసుకున్న ఒకతను, "అంకుల్, వింటేజ్ టోన్ కావాలా, మోడర్న్ టోన్ కావాలా?" అని హిందీలో అడిగాడు.

"నలభై ఏళ్ళ కిందటి ఒక శుక్రవారం కావాలి బాబూ. స్టాకు ఉందా?"

అతను ప్యాకెట్లు పరిచాడు. రెండు వందల యాభై కే వేస్తే తీగల గొంతు గుండ్రంగా ఉంటుందన్నాడు, అయిదు వందల కే వేస్తే గాజులా మెరుస్తుందన్నాడు. నిజమే. కానీ అప్ప చెవి అయిదు వందల మీద పెరిగింది, ఆ మెరుపే ఆమెకి తెలిసిన గిటారు. అదే తీసుకున్నాను. ఇప్పుడు డబ్బీల మీద లిన్, లాగ్ అని రాయరు, అక్షరాలు వేస్తారు. ఎ అంటే లాగ్, బి అంటే లిన్. పాత విదేశీ సరుకులో అదే తిరగబడి ఉంటుంది. ముద్రని నమ్మి ఒకసారి చెడ్డాను కాబట్టి, జేబులోంచి మీటరు తీసి ఒక్కో కంట్రోలునీ సగానికి తిప్పి కొలిచాను. లాగ్ అయితే సగంలో పదో వంతు దగ్గర ఉండాలి. ఎ అని రాసి ఉన్నవే రెండు, సగంలో సగం చూపించాయి. పక్కన పెట్టాను. ఒకటి కడ్డీ బిగుతుగా తిరిగింది, అదీ పక్కన పెట్టాను. వేలితో తోస్తే కదలాలి, వేలు తీస్తే ఆగాలి. ఇంకోదాని కడ్డీ పాత గుబ్బకి లావయింది.

"అంకుల్, అంత ఫరక్ పడదు. ఎవరికీ వినిపించదు," అన్నాడు అతను.

"నాకూ అలాగే అనిపించింది బాబూ," అన్నాను. అది జోకనుకుని నవ్వాడు. ఏడో, ఎనిమిదో కొలిచాక రెండు దొరికాయి. రెండూ లాగ్‌వే తీసుకున్నాను.

కోహ్కాలో ఇంటికొచ్చేసరికి మా వీధిలో ఎవరిదో పుట్టినరోజు. లారీ మీద డీజే పెట్టారు. స్పీకర్లు ఆ చివర మోగితే ఈ చివర మా ఇంటి కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. అప్పుడు ఒక మనిషి నిద్ర కోసం వీధంతా నోరు మూసుకునేది, ఇప్పుడు ఒక మనిషి పుట్టినరోజుకి వీధంతా చెవులు మూసుకుంటోంది. ఆ రోజులే బాగుండేవని రాయడం తేలిక, నా వయసువాళ్ళందరూ రాస్తున్నారు. నేను రాయను. ఆ నిశ్శబ్దం ఎంత చక్కగా ఉండేదో నాకు తెలుసు, దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా ఇప్పుడు తెలిసింది. వీధంతా నోరు మూసుకున్న చోట ఒక ఆడపిల్ల నిజం చెబితే అదీ చప్పుడు కిందే లెక్క. ఈ డీజే గోలలో అదే ఆడపిల్ల అదే నిజం చెబితే ఎవరికీ వినిపించదు. రెండు కాలాల మధ్య తేడా నాకు కనిపించింది అంతవరకే.

కంట్రోళ్ళు వేసి, పాతవి చెత్తలో పారేసి, గిటారు ఝాన్సీ చేతికి ఇచ్చి పంపేయొచ్చు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని దాచను. పాతవి రెండూ జేబులో వేసుకుని, గిటారు తీసుకుని నేనే కుమ్హారి వెళ్ళాను.

అప్ప వరండాలో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. పాత డబ్బీలు ఆమె ముందు పెట్టి, లిన్, లాగ్, గీత, ఏడు రెట్లు, అంతా చెప్పాను. ఆమె కోస్తూనే వింది.

"అంటే నాను దాటనేదు."

"దాటలేదప్పా."

"అది నాకు తెల్సు. నీకు ఇప్పుడు తెల్సింది." ఇంకో బెండకాయ తీసుకుంది. "నాన్న అడిగినపుడు ఇప్పి సూసుంటే దొరికీదేటి?"

"చూసినా అర్థమయ్యేది కాదప్పా. ఎనిమిదో తరగతి బుర్ర. కంపెనీ పేర్లనుకున్నాను."

ఆమె చెయ్యి ఆగింది. "'తెలీదు నాన్నా, ఇప్పి సూస్తాను' అని నాన్నతో అంటే సరిపోయీది కదరా. తెలీదు అనడానికి పదో తరగతి కావాలేటి?"

ఏళ్ళ తరబడి, నేను చదువుకోలేదు కాబట్టి అని మొదలుపెట్టే వాక్యం ఒకటి నాకు అన్ని చోట్లా పనికొచ్చింది. ఆ వరండాలో పనికిరాలేదు.

"మనోళ్ళ ఫోను గ్రూపు ఉంది కదా," అంది అప్ప. "సూరమ్మ పిన్ని కొడుకులు, మన పెదనాన్న పిల్లలు, అందరూ ఉన్నారు. పెళ్ళిలో కనబడితే ఇప్పటికీ దుర్గ్ లోకల్ అనీవోళ్ళే. దాన్లో నీ గొంతుతో సెప్పు. ఇప్పుడే."

ఫోను తీసి చెప్పాను, రికార్డు చేశాను. ఆమె చెవి దగ్గర పెట్టుకుని వింది.

"నవ్వుతున్నట్టుంది నీ గొంతు. మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ వింది, తల అడ్డంగా ఊపింది. నేను నవ్వలేదు, ఒట్టు. నా గొంతు తయారైందే అలా, ఏం చెప్పినా చివర్లో ఒక మెలిక ఉంటుంది. మూడోసారి చెప్పాను, అయిదోసారి చెప్పాను. ఆరోసారికి చెమటలు పట్టాయి, మాటలు పొడిపొడిగా వచ్చాయి. "అప్ప గీత దాటలేదు. తప్పుడు కంట్రోలు వేసింది నేను. అప్ప అబద్ధం ఆడిందని నవ్వించింది నేను." అంతే. ఆమె విని, "పంపు," అంది.

పంపాను. ఇద్దరం ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం. సూరమ్మ పిన్ని పెద్దకొడుకు ముందుగా పలికాడు, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు మూడు పెట్టాడు. పెదనాన్న కొడుకు, "అరే వాహ్, భయ్యా కొత్త ఐటెం వదిలాడు," అని రాశాడు. ఇంకెవరో రైలు బొమ్మ పెట్టారు. జోకు కాదు, నిజమే చెబుతున్నాను అని రాశాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వులు వచ్చాయి. ఒట్టు అని రాశాను. ఒట్టుకి ఒకడు చప్పట్లు కొట్టాడు.

అప్ప ఫోను నా చేతిలోంచి తీసుకుని చివరిదాకా చూసింది. తరవాత తిరిగి నాకిచ్చి, తొందరేమీ లేనట్టు నా మొహం వైపు చూసింది.

"ఎలగుంది తమ్ముడూ?" అని అడిగింది.